అరకులో ఆగిన ఫోన్ ఇంట్లో ఎందుకు ఆగడం లేదు?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, అమెరికా వాళ్లతో రాత్రి 10:30 దాకా మీటింగులు, ఆ తర్వాత మంచం మీద ఒంటిగంట వరకు రీల్స్. మీ భార్యదీ అదే వరస. నాలుగేళ్ల పాపకు ఎదురుగా ఫోన్ ఉంటేనే ముద్ద దిగుతుంది. నరసరావుపేటలో ఉన్న అమ్మానాన్నలు పొద్దున లేచిన దగ్గర్నుంచి ఫార్వర్డ్‌లు పంపుతుంటారు. ఆమధ్య ఫోన్లు ఆపేసి మూడు రోజులు అరకులో ఉన్నారు, ప్రాణం లేచొచ్చింది. ఇంటికి వచ్చిన వారంలోనే కథ మళ్లీ మొదటికొచ్చింది. ఇప్పుడు పది రోజుల విపశ్యన ధ్యాన శిబిరానికి వెళితే ఇది తగ్గుతుందా అని అడుగుతున్నారు.

విజయవాడలో కౌన్సెలింగ్ సైకాలజిస్టుగా చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. మీ ఇంటి పరిస్థితి లాంటిదే తరచూ నా ముందుకు వస్తుంటుంది. శిబిరం సంగతి తర్వాత చెబుతాను. ముందు అరకు ఎందుకు పనిచేసిందో చూద్దాం.

అక్కడ మీరు ఫోన్ ఆపారు, నిజమే. దాంతోపాటు ఇంకా చాలా మారాయి. మీటింగులు లేవు. భార్యాభర్తలిద్దరూ ఒకేసారి ఆపారు. పాప రోజంతా ఆరుబయట తిరిగి, అలసిపోయి, ఆకలితో కంచం ముందు కూర్చుని ఉంటుంది. చీకటి పడగానే చలి, పెందలాడే నిద్ర. తిరిగి వచ్చాక ఇవేవీ మిగల్లేదు. ఫోన్ చూడకూడదు అనే తీర్మానం ఒక్కటే మిగిలింది. అది ఒక వారం నిలవడమే గొప్ప. కాబట్టి మీకు మనోబలం తక్కువ అనుకోకండి, మీ ఆవిడను కూడా అలా అనుకోనివ్వకండి.

నేను చూసినంతలో ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ఎన్ని గంటలు ఆపాలి, ఏ యాప్ తీసేయాలి అని లెక్కలు వేస్తారు. ఖాళీ అయిన ఆ గంటలో ఏం చేయాలి, ఎవరితో చేయాలి అన్నది మాత్రం ఆలోచించరు. నా దృష్టిలో అసలు పని అదే. ఫోన్ ఆపడం అందులో ఒక చిన్న భాగం.

మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లాలో మోహిత్యాంచే వడగావ్ అనే ఊరుంది. కొవిడ్ రోజుల్లో ఆన్‌లైన్ క్లాసుల కోసం అక్కడి పిల్లల చేతికి ఫోన్లు వచ్చాయి. బడులు తెరిచాక కూడా అవి చేతుల్లోంచి దిగలేదు. సాయంత్రమైతే పెద్దలు టీవీ ముందు, పిల్లలు ఫోన్ల ముందు. 2022 ఆగస్టు 15 నుంచి ఆ ఊళ్లో రోజూ సాయంత్రం 7 గంటలకు గుడి దగ్గర సైరన్ మోగడం మొదలైంది. అది మోగగానే టీవీలు, ఫోన్లు కట్టేయాలి. 8:30కి మళ్లీ మోగుతుంది. ఆ గంటన్నర పిల్లలు చదువుకుంటారు, పెద్దలు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు. ఇది అయ్యే పనేనా అని మొదట నవ్వినవాళ్లు ఉన్నారు. ఊళ్లో ఆడవాళ్లతో సభ పెట్టి మాట్లాడారు. ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ కార్యకర్తలు, రిటైరైన టీచర్లు ఇల్లిల్లూ తిరిగి నచ్చజెప్పారు.

ఈ ఊరి సంగతి నా దగ్గరికి వచ్చే వాళ్లందరికీ చెబుతాను. ఆ సైరన్ అంటే నాకు అంత గౌరవం. అందులో మూడు సంగతులు కలిసొచ్చాయి. వేళ ఖాయం, ఈ రోజు ఆపాలా వద్దా అనే చర్చ ఉండదు. అందరూ ఒకేసారి ఆపుతారు, పక్కవాడి చేతిలో వెలుగుతున్న తెర చూసి మనసు లాగదు. ఇక రెండో సైరన్. 8:30కి ఫోన్ మళ్లీ చేతికి వస్తుందని తెలుసు కాబట్టి ఆ గంటన్నర ఎవరికీ శిక్షలా అనిపించదు. చాలా ఇళ్లలో ఈ రెండో సైరన్ లేకే ప్రయత్నం చెడుతుంది. ‘ఇవాళ్టి నుంచి ఫోన్ బంద్’ అంటారు. ఎప్పటిదాకా అన్నది చెప్పరు.

ఇక మీ రాత్రి దగ్గరికి వద్దాం. పదిన్నరకు ల్యాప్‌టాప్ మూస్తారు. అప్పటిదాకా గడిచిన ప్రతి గంటా ఇంకొకరిదే. పొద్దున పాపది, పగలు ఆఫీసుది, సాయంత్రం ఇంటి పనులది, రాత్రి క్లయింట్‌ది. మీకంటూ మిగిలింది ఆ రెండున్నర గంటలే. అందుకే నిద్ర ముంచుకొస్తున్నా వదలబుద్ధి కాదు. పడుకుంటే రోజు అయిపోతుంది, తెల్లారితే మళ్లీ మొదలు. మీరు రీల్స్‌ని అంతగా ఇష్టపడుతున్నారని నేను అనుకోవడం లేదు. మీ సొంత సమయాన్ని చెయ్యి జారనివ్వకుండా పట్టుకుని ఉన్నారు. ఆ కోరిక న్యాయమైనదే. దాన్ని తీసేసుకుంటే మీరు నిలబడలేరు. అందుకని ఆ సమయాన్ని కొంచెం ముందుకు జరపండి, అందులో ఇంకేదైనా పెట్టండి.

అటు యాప్ తయారీ కూడా మీకు వ్యతిరేకంగానే ఉంటుంది. దినపత్రికకు చివరి పేజీ ఉంది, సీరియల్‌కు ‘రేపటి భాగంలో’ ఉంది. అక్కడ ఆగి లేచి వెళ్లిపోతాం. వేలితో జరుపుతున్నకొద్దీ తెర కిందకు పోతూనే ఉండే పద్ధతిని 2006లో ఏజా రాస్కిన్ అనే డిజైనర్ రూపొందించాడు. దానివల్ల జరిగిన నష్టానికి ఆయనే తర్వాత బహిరంగంగా విచారం వ్యక్తం చేశాడు. అది కాక, తర్వాత వచ్చే వీడియో బాగుంటుందో లేదో మనకు తెలియదు. ప్రతిసారీ గింజ దొరికే మీట కన్నా, ఎప్పుడు దొరుకుతుందో తెలియని మీటనే ప్రాణులు ఎక్కువసేపు నొక్కుతూ ఉంటాయని మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ పావురాలతో, ఎలుకలతో చేసిన ప్రయోగాల్లో ఎప్పుడో తేలింది. ఒంటిగంట రాత్రి, సగం నిద్రలో, దానితో పోరాడి గెలుస్తానని అనుకోకండి. పోరాటం ఆ వేళకు రాకుండా పగలే చూసుకోవాలి.

నా దగ్గరికి వచ్చే దంపతులను ముందు అడిగేది ఒకటే: రాత్రి మీ చార్జర్ ఎక్కడుంటుంది? దాదాపు అందరి ఇళ్లలో మంచం పక్కన ప్లగ్ ఉంటుంది, లేదంటే ఎక్స్‌టెన్షన్ బాక్స్ లాగి తలగడ దాకా తెచ్చుకుని ఉంటారు. దాన్ని హాల్లోకి మార్చండి. రెండు చార్జర్లూ హాల్లో, ఒకే చోట, పడకగది నుంచి చెయ్యి చాపితే అందని దూరంలో ఉండాలి. అలారం కోసం ఫోన్ కావాలి అంటారు. బజార్లో మామూలు అలారం గడియారం కొనుక్కోండి. టైమ్ చూడాలన్నా అదే చాలు. రాత్రి టైమ్ కోసమని ఫోన్ తీసి, నోటిఫికేషన్ చూసి, అరగంట పోగొట్టుకోవడం మీకూ అనుభవమే అయి ఉంటుంది.

‘అమ్మానాన్నలకు ఏదైనా అయితే?’ అని మీరు అడుగుతారు. ఆ భయం నిజమైనదే, దానికి ఏర్పాటు ఉంది. ఫోన్ మోగకుండా ఆపే డు నాట్ డిస్టర్బ్‌లో కొందరి నంబర్లకు మినహాయింపు ఇవ్వొచ్చు. అమ్మ, నాన్న, వాళ్ల పక్కింటివాళ్లు, అత్తగారు, తోబుట్టువులు, ఇంతవరకే ఇవ్వండి. కొత్త నంబర్ నుంచి ఎవరైనా అత్యవసరంగా చేస్తే ఎలా అంటే, కొద్ది నిమిషాల్లో అదే నంబర్ రెండోసారి చేస్తే మోగేలా పెట్టుకునే వీలు ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ ఉంది. ఈ రెండూ పెట్టి, రింగ్ సౌండ్ పూర్తిగా పెంచి హాల్లో ఉంచండి. ఒకసారి మీ భార్య ఫోన్ నుంచి చేసి, పడకగదిలోకి వినపడుతోందో లేదో చూసుకోండి. వినపడుతుందని తేలితే సగం టెన్షన్ అక్కడే పోతుంది.

స్క్రీన్ రంగు పసుపుగా మారే నైట్ మోడ్ పెట్టుకుంటే చాలని కొందరు చెబుతారు. పడుకునే ముందు తెర వెలుగు నిద్రను వెనక్కి నెట్టే మాట నిజమే. కానీ మనిషిని మేలుకొలిపి ఉంచేది వెలుగు కన్నా అందులో కనిపించే విషయం. పసుపు వెలుగులో చూసినా రాజకీయ గొడవ గొడవే, ఆఫీస్ మెయిల్ ఆఫీస్ మెయిలే.

ఫోన్ లోపల చేయాల్సినవి కొన్నే. యూట్యూబ్‌లో వాచ్ హిస్టరీ ఆపి, పాతది చెరిపేయండి. తెరవగానే వీడియోలతో నిండిపోయే మొదటి పేజీ ఖాళీ అయిపోతుంది, కావాల్సింది వెతుక్కుని చూస్తారు. ఆటోప్లే ఆపండి. ఇన్‌స్టాగ్రామ్ ఫోన్‌లోంచి తీసేసి ల్యాప్‌టాప్‌లో చూసుకోండి. చూడొద్దని అనను, కూర్చుని చూడండి, లేచి వెళ్లే వీలుంటుంది. వాట్సాప్‌లో స్కూల్ గ్రూప్, అపార్ట్‌మెంట్ గ్రూప్, చిన్ననాటి స్నేహితుల గ్రూప్ అన్నీ ఆర్కైవ్ చేసి, రోజుకు రెండు వేళలు పెట్టుకుని చూడండి. యాప్ టైమర్ల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. ఇంకో పదిహేను నిమిషాలు అని నొక్కడం వేలికి మూడో రోజే అలవాటైపోతుంది.

ఫోన్ మొత్తం పక్కన పడేయండి అని నేను ఎవరికీ చెప్పను. పాలవాడికి డబ్బులు, గ్యాస్ బుకింగ్, బ్యాంక్ ఓటీపీ, పాప స్కూల్ నుంచి వచ్చే కబురు అన్నీ అందులోనే ఉన్నాయి. ఈ దేశంలో ఈ రోజు ఫోన్ లేకుండా ఇల్లు గడవడం కష్టం. అవసరం కోసం తీసిన ఫోన్ అలవాటులోకి జారే ఆ రెండు క్షణాలే మన గొడవ.

ఆఫీస్ సంగతి. పని గంటలు దాటాక ఆఫీస్ కబురు పట్టించుకోకుండా ఉండే హక్కు ఫ్రాన్స్‌లో 2017 నుంచి, ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు నుంచి ఉంది. మన దగ్గర పార్లమెంటులో మంత్రులు కాని సభ్యులు పెట్టే ప్రైవేటు బిల్లులుగా వచ్చింది, చట్టం కాలేదు. కాబట్టి మాట్లాడుకోవాల్సింది మీరే. మీ మేనేజర్‌తో ఒక్క మాట చెప్పండి: ‘రాత్రి 11 తర్వాత మెసేజ్‌లు చూడను, అర్జెంట్ అయితే కాల్ చేయండి, తప్పకుండా ఎత్తుతాను.’ మేనేజర్ నంబర్‌ను కూడా పైన చెప్పిన మినహాయింపుల్లో చేర్చండి. ఇలా చెప్పినవాళ్లు చాలామంది తర్వాత నాతో అనేది, కాల్స్ దాదాపు రాలేదని. మెసేజ్ పంపడం తేలిక, రాత్రి పూట ఒక మనిషికి కాల్ చేయాలంటే అవతలివాళ్లు కూడా ఒక్క క్షణం ఆలోచిస్తారు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది: ఆ ఖాళీ సమయంలో ఏం చేస్తారు? మీరు కాలేజీ రోజుల్లో షటిల్ ఆడేవాడినని ఒక ముక్క రాశారు. దాన్నే పట్టుకోమంటాను. వారానికి రెండు రోజులు, మీటింగులు మొదలయ్యే ముందు సాయంత్రం, ఇంకో మనిషితో మాట అనుకుని వెళ్లండి. ఒక్కరే వెళ్లే వాకింగ్ అయితే మానేయడం సులువు, కోర్టు దగ్గర ఒకడు ఎదురుచూస్తుంటే మానలేరు. మీ ‘సొంత సమయం’ అలా సాయంత్రమే కొంత దొరికితే, రాత్రి దానికోసం పడే ఆరాటం తగ్గుతుంది. రాత్రి పదిన్నర తర్వాత బరువైన పనులేవీ పెట్టుకోవద్దు. వేడినీళ్ల స్నానం, డాబా మీద ఇద్దరూ పది నిమిషాలు నడక, మంచం పక్కన ఒక కథల పుస్తకం లేదా వారపత్రిక. రేడియోలో వివిధ భారతి పెట్టుకునే దంపతులు నాకు తెలుసు. పాట వినడానికి కళ్లు అక్కర్లేదు, మాట్లాడుకోవడానికి అడ్డమూ రాదు. మీ ఆవిడకు ఏది ఇష్టమో మీరు రాయలేదు. ఆవిడనే అడగండి, మీరు నిర్ణయించకండి.

ఇది ఊరికే నా అభిప్రాయం అనుకోకండి. 2025లో పీఎన్ఏఎస్ నెక్సస్ అనే శాస్త్ర పరిశోధన పత్రికలో ఒక ప్రయోగం ఫలితాలు వచ్చాయి. 467 మందిని తీసుకుని, వాళ్ల ఫోన్లలో రెండు వారాల పాటు ఇంటర్నెట్ ఆపించారు. కాల్స్, మామూలు మెసేజ్‌లు ఉన్నాయి, కంప్యూటర్‌లో ఇంటర్నెట్ వాడుకోవచ్చు. చాలామంది పూర్తిగా పాటించలేకపోయారు కూడా. అయినా మానసిక ఆరోగ్యం, జీవితం మీద తృప్తి, ఏకాగ్రత మెరుగయ్యాయి. 91 శాతం మందికి వీటిలో కనీసం ఒక్కటైనా బాగుపడింది. నన్ను పట్టి ఉంచిన సంగతి వేరే. మిగిలిన సమయంలో వాళ్లు మనుషులను నేరుగా కలవడం, వ్యాయామం, ఆరుబయట గడపడం పెరిగాయి. మేలు జరగడానికి అదొక కారణమని పరిశోధకులు కూడా చెప్పారు. మీ అరకు కూడా అచ్చం ఇలాగే పనిచేసింది.

పాప విషయం. దీన్ని రాత్రి సంగతితో కలిపి ఒకేరోజు మొదలుపెట్టకండి, రెండు వారాలు ఆగండి. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంటకు మించి తెర ఉండకూడదని, అంతకన్నా తక్కువైతే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. నిమిషాల కన్నా నాకు బెంగగా ఉన్నది తిండి దగ్గర తెర. ఫోన్ చూస్తూ మింగే పిల్లకు ఆకలి ఎప్పుడు తీరిందో తెలియదు, ఏం తింటున్నదో కూడా తెలియదు. మూడు పూటలా ఒకేసారి ఆపొద్దు. ఏ పూట ఇద్దరూ ఇంట్లో ఉంటారో ఆ పూటతో మొదలుపెట్టండి. అంతకు రెండు గంటల ముందు నుంచి బిస్కెట్లు, పాలు ఇవ్వకండి. ముగ్గురూ ఒకేచోట కింద కూర్చోండి. పప్పన్నం మీరు కలిపినా, చిన్న చిన్న ముద్దలు చేసి కంచం అంచున పెట్టి, తన చేత్తో తననే తిననివ్వండి. నేల మీద సగం పడుతుంది, పడనివ్వండి. మొదటి రోజుల్లో ఏడుస్తుంది, రెండు ముద్దలకే లేచిపోతుంది. బతిమాలకండి, కోప్పడకండి, ఫోన్ ఇవ్వకండి. ఆరోగ్యంగా ఉన్న పిల్ల ఒక పూట తక్కువ తింటే ఏమీ కాదు, తర్వాతి పూటకు తానే అడుగుతుంది. పాప బరువు మరీ తక్కువగా ఉంటే మాత్రం ముందు పిల్లల డాక్టర్‌ను అడిగి మొదలుపెట్టండి. ఇంకొకటి, ఆ పూట మీ ఫోన్లు కూడా హాల్లో చార్జర్ల దగ్గరే ఉండాలి. నాన్న చేతిలో ఉన్నది తనకెందుకు లేదో నాలుగేళ్ల పిల్లకు ఏ మాటా నచ్చజెప్పలేదు.

అమ్మానాన్నల ఫార్వర్డ్‌ల గురించి మీరు విసుక్కున్నారు. పిల్లలు దూరంగా ఉన్న ఇంట్లో పొద్దున్నే పంపే ఆ పువ్వు బొమ్మకు ‘నేను లేచాను, బాగానే ఉన్నాను, నువ్వెలా ఉన్నావు’ అని అర్థం. గ్రూప్ ఆర్కైవ్ చేయండి, దాని బదులు రోజూ ఒకే వేళకు కాల్ చేయండి. పది నిమిషాలు చాలు. పాపతో మాట్లాడించండి. ఫార్వర్డ్‌లు వాటంతట అవే పలచబడతాయి. తగ్గకపోయినా మీకు విసుగు తగ్గుతుంది.

మొదటి నాలుగైదు రోజులు కష్టంగా ఉంటుందని ముందే తెలిసి ఉండాలి. చెయ్యి ఊరికే జేబులోకి పోతుంది. మోగకపోయినా మోగినట్టు ఉంటుంది. మంచం మీద పడుకుంటే పగలు తోసేసిన ఆలోచనలన్నీ వరసగా వస్తాయి: ఈఎంఐ, నాన్న బీపీ, ఆఫీసులో ఎవరో అన్న మాట. చాలామంది ఇక్కడ భయపడి లేచి ఫోన్ తెచ్చుకుంటారు. ఒక చిన్న నోట్ బుక్ పక్కన పెట్టుకుని, వచ్చిన ప్రతి ఆలోచననూ ఒక్క లైన్‌లో రాసి మూసేయండి. రేపు చూడాల్సింది రేపటికి ఉంటుంది. మధ్యలో ఒక రాత్రి తప్పితే మర్నాడు మళ్లీ చార్జర్ దగ్గర పెట్టండి, అంతే.

ఇక విపశ్యన. హైదరాబాద్‌లోనే వనస్థలిపురం దాటాక సాగర్ రోడ్డు వైపు ధమ్మఖేత్త అనే కేంద్రం ఉంది, 1976 నుంచి నడుస్తోంది. పది రోజులు ఫోన్ అప్పగించాలి, మౌనం పాటించాలి, తెల్లవారుజామున నాలుగు గంటలకే లేవాలి. బస, భోజనానికి రుసుము తీసుకోరు. ధ్యానం నేర్చుకోవాలని మనసులో ఉంటే వెళ్లండి, నేను ఆపను. ఫోన్ వదిలించుకోవడానికి మాత్రం వెళ్లకండి. ఏకాదశి నాడు కటిక ఉపవాసం ఉండి ద్వాదశి నాడు రెట్టింపు తిన్నట్టే అవుతుంది, ఎందుకంటే తిరిగి వచ్చేది ఆ మంచం పక్కన ప్లగ్ దగ్గరికే. పైగా పది రోజులు మీరొక్కరే వెళితే ఇక్కడ ఆవిడ, పాప అలాగే ఉంటారు. ముందు ఇల్లు సర్దుకోండి. తీవ్రమైన ఆందోళన, డిప్రెషన్ లాంటివి ఉన్నవాళ్లు దరఖాస్తులో దాచకుండా రాయాలి, డాక్టర్‌ను అడగకుండా వెళ్లకూడదు.

ఒక విషయం మీరు నిజాయితీగా చూసుకోవాలి. ఫోన్ కింద ఇంకేదైనా దాగి ఉందా? రెండు వారాలకు పైగా ఏ పనిమీదా ఇష్టం లేకపోవడం, ఫోన్ లేకపోయినా నిద్ర పట్టకపోవడం, బతుకు మీద విరక్తి, లేదా ఎవరికీ చెప్పని ఆన్‌లైన్ పందేలు, అప్పులు ఉంటే పైన చెప్పిన ఏర్పాట్లు సరిపోవు. మానసిక సమస్యల కోసం ఉన్న ప్రభుత్వ టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416 రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు, ఉచితం. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో ఫోన్, గేమ్‌ల వాడకం అదుపు తప్పినవాళ్ల కోసమే 2014లో ‘షట్’ అనే క్లినిక్ మొదలుపెట్టారు. మీరు రాసినదాన్నిబట్టి మీకు అంత అవసరం ఉన్నట్టు లేదు, అయినా చెప్పడం నా బాధ్యత.

స్క్రీన్ టైమ్ అంకెలు రోజూ చూసుకోకండి. అందులో మ్యాప్స్ కూడా కలుస్తుంది, అమ్మతో వీడియో కాల్ కూడా కలుస్తుంది. ఎన్నింటికి దీపం ఆర్పారు, పొద్దున లేచాక ఫోన్ ముట్టుకునే ముందు ఏమేం చేశారు, ఈ రెండే గడియారం పక్కనున్న ఆ నోట్ బుక్‌లో రాసుకోండి. ఈ సమాధానం మీ ఆవిడకు చూపించి, ఆవిడ సరే అన్నాకే మొదలుపెట్టండి. ఆవిడకు ఇందులో ఏది నచ్చకపోతే దాన్ని తీసేయండి. రెండు వారాల తర్వాత ఇక్కడే రాయండి, పాప భోజనం మొదలుపెట్టే ముందు ఇంకా కొన్ని అడగాల్సినవి ఉన్నాయి.